అర్జీలో నేను రాయనిది

మా కాలనీ చివర 32 అంతస్తుల టవర్ వస్తుందని తెలిసినప్పటి నుంచి దాన్ని ఆపాలని తిరిగినవాళ్లలో నేను ముందున్నాను. సంక్షేమ సంఘం పేరుతో వెళ్లిన అర్జీలన్నీ నా చేత్తో రాసినవే. టవర్ ఆగలేదు. ఆగనందుకు ఇప్పుడు నాకు పెద్ద దిగులు లేదు. ఆపాలన్న ఒక్క పట్టుదలతో, నాకు బాగా తెలిసిన సంగతిని పక్కన పెట్టి, తెలియనివాటి మీద గొంతు పోయేలా అరిచాను. ఆ తెలివితక్కువతనానికి నష్టపోయింది మాకు దిగువన నాలా ఒడ్డునున్న బస్తీ. అందుకే ఇది రాస్తున్నాను.

హబ్సిగూడ, నాచారం ప్రాంతం ఎరిగినవాళ్లకు మా వీధి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. 200 గజాల ప్లాట్లు, 267 గజాల ప్లాట్లు, 30 అడుగుల రోడ్లు, ఇంటి ముందు కానుగో వేపో. కాలనీకి ఎగువన మూతపడిన ఫ్యాక్టరీ జాగా, 5 ఎకరాలు. దాని ముందువైపు వంద అడుగుల రోడ్డు, వెనకవైపు మేము. షెడ్లు ఓ మూలకే ఉండేవి. మిగతాదంతా మట్టినేల, సర్కారు తుమ్మ. నేల వాలంతా ఈశాన్యానికి. ఆ చివర నాలా, నాలా మీద పాతకాలపు చిన్న తూము, తూమును ఆనుకుని బస్తీ.

ఈ వాలు గురించి నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. పాలిటెక్నిక్‌లో సివిల్ పిల్లలకు సర్వేయింగ్, హైడ్రాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. మట్టినేల మీద పడిన వానలో పావు వంతో, మూడో వంతో పారుతుంది, మిగతాది ఇంకుతుంది. అదే నేలను కాంక్రీటుతో కప్పితే పదింట తొమ్మిది వంతులు పారుతుంది. ఇది మొదటి పాఠాల్లో వచ్చే లెక్క. 5 ఎకరాల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే అది దాదాపు 20 లక్షల లీటర్లు. వేసవిలో మన వీధుల్లో తిరిగే పది వేల లీటర్ల ట్యాంకర్లు 200 వరసగా నిలబెట్టి ఒకేసారి వదిలితే ఎంతో, అంత. అందులో ఎంత ఆ జాగాలో ఇంకుతుంది, ఎంత తూము మీదికి వస్తుంది? అక్కడ ఏ కట్టడం వచ్చినా మొట్టమొదట అడగాల్సింది ఇదే. 2020 అక్టోబరు 13న, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన నమోదైన ఆ రాత్రి, హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు ఎలా మునిగాయో కళ్లారా చూశాను. మా ఇళ్ల మెట్ల దాకా వచ్చి ఆగిన నీళ్లు బస్తీలో నడుముల లోతు నిలిచాయి. ఇంత చూసీ, ఇంత చదివీ, మొదటి అర్జీలో వాననీటి గురించి ఒక్క వాక్యం రాయలేదు.

ఏం రాశానో చెబుతాను. టవర్ నీడ మా ఇళ్ల మీద పడుతుందన్నాను. బాల్కనీల్లోంచి మా డాబాలు కనిపిస్తాయన్నాను. ముఖ్యంగా, ఎవరెవరో బయటి జనం వస్తారని, అద్దెకుండే బ్యాచిలర్లు నిండిపోతారని, ఇన్నాళ్ల కాలనీ వాతావరణం చెడుతుందని రాశాను. ట్రాఫిక్ పెరుగుతుందన్నాను, ఎన్ని బండ్లో లెక్క వేయలేదు. సర్వసభ్య సమావేశంలో అర్జీ చదివి వినిపిస్తే బయటి జనం అన్న వాక్యం దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి. రెండో అర్జీలో ఆ వాక్యాన్ని ఇంకా పెంచాను.

నిజానికి నా మనసులో ఉన్నదీ అదే. నీడ మాట, ట్రాఫిక్ మాట పైకి చెప్పుకోవడానికి. నా వీధి నాకు తెలిసినవాళ్లతోనే ఉండాలని, మా ఇంటి విలువ తగ్గకూడదని, సాయంత్రం డాబా మీద కూర్చుంటే ఎదురుగా ఆకాశమే కనబడాలని నా కోరిక. అది కోరుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ దాన్ని ఊరి క్షేమమని పేరు పెట్టి నలుగురి చేత సంతకాలు చేయించడం తప్పు. ఎనభైల్లో సూర్యాపేట నుంచి వచ్చి ఇక్కడ ప్లాటు కొన్నప్పుడు చుట్టుపక్కల ఇంకా అనాబెషాహీ ద్రాక్ష తోటలు ఉండేవి. రైతులు తోటలు కొట్టి ప్లాట్లు చేసి అమ్మితే మేం వచ్చాం. ఆ రోజు వాళ్లకు బయటి జనం మేమే. మా అమ్మాయి కోకాపేట వైపు 14వ అంతస్తులో ఉంటుంది. ఆ ఇంటి గృహప్రవేశానికి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి ఎంత గాలో అని సంబరపడ్డవాణ్ణి. ఆ టవర్ కింద ఎవరి వీధి ఉందో నేను అడగలేదు.

మెట్రో విషయం కూడా చెప్పాలి. నాగోలు నుంచి అమీర్‌పేట దాకా 2017 నవంబరులో రైలు నడిచినప్పుడు మా వీధంతా సంతోషించింది. స్టేషన్ దగ్గర్లో ఉందని ఇళ్ల ధరలు పెరిగితే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రైలు మాకు కావాలి, ఆ రైలుకు దగ్గరగా ఇల్లు కోరుకునే ఇంకో వెయ్యి కుటుంబాలు మాత్రం వద్దు. నగరం పెరుగుతున్నప్పుడు జనం ఎక్కడో ఒకచోట ఉండాలి. కారు లేకుండా ఉద్యోగానికి వెళ్లగలిగిన చోట ఉండటమే మేలు. ఇప్పుడు నేను నమ్మే మాట ఇది. అప్పుడు ఎవరైనా ఈ మాట అంటే బిల్డర్ మనిషని ముద్ర వేసేవాణ్ణి, ఒకరిద్దరి మీద వేశాను కూడా.

చట్టం దగ్గర నా అజ్ఞానం ఇంకో పెద్ద కథ. మన నగరంలో ఎత్తు గురించి చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, 2006లో వచ్చిన 86వ నంబరు జీవోతో ఎఫ్ఎస్ఐ అనే పరిమితి ఇక్కడ పోయింది. ముంబైలోనో, చెన్నైలోనో అయితే జాగా విస్తీర్ణాన్ని బట్టి ఎంత నిర్మాణ విస్తీర్ణం కట్టవచ్చో ఒక గీత ఉంటుంది. మన దగ్గర ఎదుటి రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగా, అగ్నిమాపక శాఖ, విమానాశ్రయాల సంస్థ ఎన్‌వోసీలు సరిగ్గా ఉంటే అంతస్తులు పెరుగుతూ పోతాయి. 2012 నాటి 168వ జీవో కూడా అదే దారిలో నడిచింది. ఫ్యాక్టరీ జాగా ముందు వంద అడుగుల రోడ్డు ఉంది. అంటే 32 అంతస్తులకు దారి ముందే ఉంది. మేం మాత్రం మా వెనక 30 అడుగుల రోడ్డును చూపించి ఇంత ఎత్తుకు అనుమతి ఎలా ఇస్తారని వాదించాం. అది ఆ కట్టడానికి లెక్కలోకి వచ్చే రోడ్డే కాదు. అక్కడ వాళ్లు పెట్టిన రెండో గేటు గురించి మాత్రమే మేం అడగగలం. దాన్ని అడగలేదు.

అసలు మమ్మల్ని చట్టం అడిగిన సమయం ఒకటుంది. మాస్టర్ ప్లాన్‌లో పారిశ్రామిక జోన్‌లో ఉన్న జాగాను నివాస జోన్‌గా మార్చాలంటే ముందుగా ప్రకటన ఇచ్చి, కొద్ది రోజుల గడువులో అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. ఆ ప్రకటన పేపర్లో వచ్చింది. సర్వే నంబర్లతో నిండిన చిన్న అక్షరాల ప్రకటన. పేపరు ప్రతిరోజూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే నేను దాన్ని దాటేశాను. అప్పుడే రాసి ఉంటే, జోన్ మార్చేముందు తూము వెడల్పు చేయండి, వాననీటికి వేరే దారి చూపండి అని షరతు అడిగే వీలుండేది. ఆ తర్వాత అనుమతులు సింగిల్ విండోలో పడ్డాయి. టీఎస్ బీపాస్ చట్టం 2020లో వచ్చాక పెద్ద కట్టడాల దరఖాస్తు 21 రోజుల్లో తేల్చాలి. పొరుగువాళ్లను పిలిచి అడిగే ఘట్టం అందులో లేదు. జేసీబీ వచ్చి ప్రహరీ కూల్చిన రోజు మేం మేల్కొన్నాం.

బహిరంగ విచారణ జరపలేదని రెండో అర్జీలో పెద్ద అక్షరాలతో రాశాను. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు దాటిన కట్టడాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. అయితే భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఆ నోటిఫికేషనే మినహాయింపు ఇచ్చింది. ఇది అన్యాయమైన నియమమని నా గట్టి అభిప్రాయం. ఊరవతల పరిశ్రమకు విచారణ ఉండి, జనం మధ్య లేచే ఆకాశహర్మ్యానికి లేకపోవడం ఏం న్యాయం? కానీ లేని విచారణను కోరుతూ నెలలు గడిపాను. ఆ అనుమతి కోసం బిల్డర్ ఇచ్చిన దరఖాస్తు, వాననీటి లెక్కలు, డ్రైనేజీ నక్షా, సెల్లార్ లోతు, అన్నీ ప్రభుత్వ పోర్టల్‌లో ఎవరైనా చూసుకునేలా ఉన్నాయి. నేను తెరిచి చూడలేదు.

చూసినవాళ్లు ఒకరున్నారు. మా ఎదురింటి పైభాగంలో అద్దెకుండే అమ్మాయి, ఓ ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేస్తుంది. సమావేశంలో వెనక కుర్చీలోంచి లేచి, “అంకుల్, డ్రైనేజీ షీటు చూశారా? వాళ్ల అవుట్‌లెట్ బస్తీ దగ్గరి తూములోకే చూపించారు. మూడు సెల్లార్లు తవ్వితే ఊట నీళ్లు కూడా అందులోకే తోడతారు” అంది. ఒక్క క్షణం నాకు అర్థమైంది. నేను జీవితమంతా చెప్పిన పాఠం అది. అయినా నా నోట వచ్చిన మాట, “అమ్మా, ఇది ఓనర్ల మీటింగు. నువ్వు కూర్చో.” ఆ పిల్ల మారు మాట్లాడకుండా కూర్చుంది. తర్వాత ఏ మీటింగుకూ రాలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నవాటిలో తలుచుకుంటే నాకు నిద్ర పట్టని మాట అదొక్కటే.

ఆ రోజుల్లో నా ధైర్యమంతా నోయిడా మీద. 2022 ఆగస్టు 28 మధ్యాహ్నం అక్కడి జంట టవర్లను కొన్ని క్షణాల్లో నేలమట్టం చేయడం టీవీలో చూసి, మనదీ ఇలాగే పడుతుందని కాలనీలో చెప్పి తిరిగాను. 2021 ఆగస్టు 31 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదివింది చాలా తర్వాత. అక్కడ కేసు వేసింది అదే సముదాయంలో ముందుగా ఫ్లాట్లు కొన్నవాళ్లు. తమకు తోటగా చూపించిన జాగాలో, భవనాల మధ్య ఉండాల్సిన దూరం పాటించకుండా, తమ సమ్మతి లేకుండా కొత్త టవర్లు లేపారని వాళ్లు కాగితాలతో నిరూపించారు. ఏళ్ల తరబడి పట్టు వదలకుండా నియమాన్ని చూపించారు. ఎత్తు చూసి కోర్టు వాటిని కూల్చమనలేదు. మా దగ్గర అలాంటి ఉల్లంఘన ఒక్కటీ లేదు, కోపం మాత్రమే ఉంది. పొరుగువాళ్లకు కోర్టుకెళ్లే హక్కు లేదనీ కాదు. 1974లోనే ఉడిపి పురపాలక సంఘం కేసులో, నివాస ప్రాంతంలో నిబంధనకు విరుద్ధంగా సినిమా హాలు వస్తే అక్కడివాళ్లు ప్రశ్నించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఏ నిబంధనకు విరుద్ధమో చూపాలి, అంతే. మేం వేసిన రిట్ విచారణకు వచ్చినప్పుడు కోర్టు అడిగిందీ అదే. మా వకీలు నా వైపు చూశారు. నా దగ్గర జవాబు లేదు.

మున్సిపల్ ఆఫీసులో జరిగింది ఇంకా బాధ. అక్రమ కట్టడం అని నేను పదేపదే అంటుంటే బిల్డర్ తరఫు మనిషి గొంతు పెంచకుండా, “సార్, మీ ఇంటికి జీ ప్లస్ టూ పర్మిషన్ కదా?” అని అడిగాడు. పైన ఇంకో అంతస్తు నేను వేసిందే. పక్క సెట్‌బ్యాక్‌లో మెట్లు కట్టిందీ నేనే. 2007 చివర భవనాల జరిమానా పథకం (బీపీఎస్) వచ్చినప్పుడు డబ్బు కట్టి క్రమబద్ధీకరించుకున్నాను. మా వీధిలో ప్లాన్ ప్రకారం కట్టిన ఇల్లు వెతికినా దొరకదు. వాన పడితే మా ఇళ్ల నీళ్లు ఇంకడానికి జానెడు మట్టి కూడా మిగల్చలేదు. ఇంకుడు గుంత లేని ఇళ్లే ఎక్కువ, మాదీ అందులో ఒకటి. అధికారి ఏమీ అనలేదు, ఫైలు మూశాడు. ఆ తర్వాత నేను చెప్పే ఏ మాటకూ ఆ గదిలో బరువు లేకుండా పోయింది.

అంతకన్నా పెద్ద తప్పు, మాట్లాడుకుందామని కబురు వస్తే తోసిపుచ్చడం. వెనక గేటు మూసేస్తామని, వాననీళ్లు నిలవ ఉంచే ట్యాంకు పెద్దది చేస్తామని, డ్రైనేజీ పైపు కొంత ఖర్చు భరించి మెయిన్ రోడ్డు వైపు తిప్పే వీలుందేమో చూస్తామని బిల్డర్ ఇంజినీరు సంఘం కార్యదర్శికి చెప్పాడు. వాళ్లకు అప్పుడు కోర్టు కేసు భయం ఉంది, మా మాటకు అప్పుడే విలువ. కూర్చుంటే ఒప్పుకున్నట్టే అవుతుందని నేను అడ్డుపడ్డాను. నలుగురూ నా మాట విన్నారు. రిట్ పోయాక మళ్లీ ఆ కబురు రాలేదు. మూడో అర్జీలో మొదటిసారి తూము గురించి, సెల్లార్ నీళ్ల గురించి రాసి పట్టుకెళితే, “మొదటి రెండింట్లో ఈ సంగతి లేదు కదండీ, ఇప్పుడెందుకొచ్చింది?” అని అడిగారు. అడగడంలో తప్పేముంది? అబద్ధపు కారణాలు రెండుసార్లు చెప్పినవాడు మూడోసారి నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

తవ్వకం మొదలైన తొలి వానాకాలంలోనే ఎదురింటి అమ్మాయి చెప్పిందే జరిగింది. కింద షీట్ రాక్ పగలగొట్టి మూడు సెల్లార్ల లోతు గొయ్యి తీశారు. గోతిలో నిలిచిన నీళ్లను మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు నాలాలోకి తోడారు. తవ్విన మట్టి కొట్టుకొచ్చి తూములో సగం పూడింది. ఒక సాయంత్రం గట్టి వాన పడింది, 2020 నాటి వానలో నాలుగో వంతు కూడా ఉండదు. మా వీధిలో పాదాలు తడిశాయి. బస్తీలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ప్రాణాలు పోలేదు. బియ్యం, పిల్లల పుస్తకాలు, ఒక ఇంట్లో కొత్తగా వాయిదాల మీద కొన్న కుట్టుమిషను పోయాయి. మా ఇళ్ల బట్టలు ఇస్త్రీ చేసే ఆమె ఇంట్లో మావీ ఇంకెవరివో బట్టలన్నీ బురదలో తడిసి, వాటికి డబ్బు కట్టిస్తానని ఆమే మా గడప దగ్గరికొచ్చి నిలబడింది. నేను కాగితం పట్టుకుని బస్తీకి సంతకాలకు వెళ్లింది ఆ తర్వాతే. “సారూ, సంతకాలు పెట్టిచ్చేటప్పుడు మమ్ముల పిలువనే లేదు. పిలిస్తే తూము ముచ్చట మేమే చెప్పేటోళ్లం గద” అంది ఆమె. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది.

ఇప్పుడు పని వేరేగా నడుస్తోంది. అర్జీలు ఎదురింట్లో అద్దెకుండే ఆ అమ్మాయి రాస్తుంది. నేను వెళ్లి క్షమించమని అడిగాను, ఆమె నా చేతికి డ్రైనేజీ షీటు ఇచ్చి లెవెల్స్ సరిచూడమంది. బస్తీవాళ్లు ఏ వాన నాడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద గుర్తులు చూపించి రాయించారు. తూములో మట్టి తీయించడం, తోడే నీళ్లకు ముందు మట్టి తేరుకునే గుంట పెట్టించడం సాధ్యపడ్డాయి. తూము వెడల్పు ఇంకా కాలేదు. మా చేతిలో ఉన్న చివరి అవకాశం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ). నిబంధనల ప్రకారం పెద్ద కట్టడంలో పదో వంతు నిర్మాణ విస్తీర్ణం అధికారుల దగ్గర పూచీగా ఉంటుంది, ఓసీ వచ్చేదాకా బిల్డర్ దాన్ని అమ్ముకోలేడు. నక్షాలో చూపిన వాననీటి ట్యాంకు, ఇంకుడు గుంతలు నిజంగా కట్టారో లేదో చూశాకే ఓసీ ఇవ్వమని అర్జీ మీద అర్జీ పెడుతున్నాం. నా ఇంటి ముందు ఇంకుడు గుంత తవ్వించాను. మా వీధిలో మిగతావాళ్లను అడుగుతున్నాను, కొందరు తవ్వించారు.

మీ ఇంటి దగ్గర కూడా రేపు ఇలాంటి కట్టడం రావచ్చు. పాత ఫ్యాక్టరీ, పాత సినిమా హాలు, తోట, ఏదైనా ఖాళీ జాగా ఉంటే వస్తుందనే అనుకోండి. దాన్ని మీరు వద్దనవచ్చు, కావాలనవచ్చు. ఆ జాగా మాస్టర్ ప్లాన్‌లో ఏ జోనో ఇవాళే చూసిపెట్టుకోండి, జోన్ మార్పు ప్రకటన వస్తే గడువులోపే రాయండి. పర్యావరణ అనుమతి ఫైలు తెరిచి డ్రైనేజీ షీటు చదవండి, చదవడం రాకపోతే చదవగలిగినవాళ్లను పిలవండి. అర్జీ రాసేముందు మీ వీధిలో అద్దెకున్నవాళ్లను, మీకు దిగువనున్న బస్తీవాళ్లను మీటింగుకు రమ్మనండి. వాళ్లు చెప్పింది రాసుకున్నాకే మీ సంతకం పెట్టండి.